నల్లరేగడిలో యక్కా: గింజ పెట్టడం నుంచి వానాకాలం దాటించేదాకా

పెన్‌గంగ గట్టు (బేల, ఆదిలాబాద్ జిల్లా)
అందరికీ నమస్తే. నా దగ్గర మూడు రకాల యక్కా (కిత్తనార లెక్క గట్టి పొడుగాకుల అలంకార మొక్క) గింజలు ఉన్నయి: రోస్ట్రాటా, అలోయిఫోలియా, ఫిలమెంటోసా, ఒక్కోటి పదిహేను. ఇంటి ముందు జాగ ముప్పై అడుగులకు ఇరవై, మొత్తం నల్లరేగడి. ఎండాకాలం నీళ్లు పెట్టకున్నా నిలబడే ఎడారి తోట వేయాలని ఆలోచన. ఇప్పుడు ఆగస్టు చివరికి వచ్చినం. గింజలు ఎప్పుడు పెట్టాలె, మట్టి ఎట్ల కలపాలె, నేలలో ఎప్పుడు నాటాలె? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

రాళ్లతోట (రాజురా, చంద్రపూర్ జిల్లా)
తమ్ముడూ, ముందు ఒక మాట. మన దిక్కు యక్కాను చంపేది ఎండ కాదు, వాన. చంద్రపూర్‌లో మేలో 46, 47 డిగ్రీలు చూస్తూనే ఉంటం, నాలుగేళ్లు దాటిన యక్కా ఆ ఎండను లెక్కచేయదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడే వెయ్యి మిల్లీమీటర్ల పైచిలుకు వానలో, గాలి ఆడని నల్లమట్టిలో వేరు కుళ్లి చస్తుంది. అందుకే రకాన్ని ఎంచుకునేటప్పుడు 'ఎంత ఎండ తట్టుకుంటుంది' అని కాకుండా 'దాని సొంత ఊర్లో వాన ఏ కాలంలో పడుతుంది' అని చూడాలె.

యక్కాలన్నీ అమెరికా ఖండం మొక్కలే కానీ అన్నీ ఎడారివి కావు. నీ దగ్గరున్న అలోయిఫోలియా, ఫిలమెంటోసా రెండూ అమెరికా ఆగ్నేయ తీరప్రాంతం రకాలు. అక్కడ వాన మనకంటే తక్కువేం కాదు, గాలిలో తేమ కూడా ఉంటుంది. కాకపోతే నేల ఇసుక. నీళ్లు పడ్డది పడ్డట్టే దిగిపోతయి. అంటే మన వానకు ఇవి సరిపడతయి, మన మట్టికి సరిపడవు. మట్టి మార్చగలిగితే వీటితో బాధ లేదు.

రోస్ట్రాటాది చివావా ఎడారి, మెక్సికో ఉత్తరం, టెక్సస్ పడమర. అక్కడ ఏడాదికి 200 నుంచి 300 మి.మీ. పడుతుంది, అందులో ఎక్కువ భాగం మన వానాకాలం నెలల్లోనే. అందుకని వేడి, వాన కలిసి రావడం దానికి కొత్త కాదు, కొలత మాత్రం మన దగ్గర మూడు నాలుగింతలు ఎక్కువ. పైన కప్పు వేస్తే వస్తుంది. ఎలాటా, థాంప్సోనియానా కూడా ఇదే వరుస.

అందరూ ఫొటో చూసి అడిగేది జాషువా ట్రీ, అంటే బ్రెవిఫోలియా. అది మొహావీ ఎడారి మొక్క. అక్కడ వాన చలికాలంలో పడుతుంది, ఎండాకాలం ఎండుడే. మన దగ్గర సరిగ్గా ఎదురు. జూలై ఆగస్టుల్లో వెచ్చటి తడి తగిలితే అది తట్టుకోదు. ఆ గింజలు కొనకపోవడం నీ అదృష్టం.

పచ్చపందిరి (మంచిర్యాల)
రాళ్లతోట అన్న చెప్పిన దాంట్లోనే గింజలు పెట్టే కాలం కూడా ఉంది. మొలకకు మొదటి వానాకాలం రాకముందే వీలైనన్ని నెలల వయసు రావాలి. అందుకని మన ఆదిలాబాద్, మంచిర్యాల, చంద్రపూర్, కిన్వట్ వైపు వాన వెనక్కి పోయే అక్టోబరు రెండో వారం నుంచి నవంబరు మొదటి వారం లోపల విత్తాలి. అప్పుడు పగలు 30 డిగ్రీల చుట్టూ, రాత్రి 18, 20 ఉంటుంది. యక్కా మొలకెత్తడానికి కావాల్సింది 20 నుంచి 28 మధ్య వేడి.

నవంబరు చివరికి జరిపితే చలి పట్టుకుంటుంది. ఆదిలాబాద్‌లో డిసెంబరు, జనవరి రాత్రులు 6, 7 డిగ్రీలకు దిగుతాయి. గింజ చావదు కానీ చలి మట్టిలో కదలకుండా పడి ఉంటుంది, ఆ తడిలో బూజు దాన్ని పట్టుకుంటుంది. ఆ గడువు దాటిపోతే ఫిబ్రవరి రెండో వారం దాకా ఆగడమే మేలు. కానీ ఫిబ్రవరి మొలకకు వానలొచ్చేసరికి నాలుగు నెలలే ఉంటాయి, అక్టోబరు మొలకకు ఎనిమిది నెలలు. ఆ తేడా జూలైలో కనిపిస్తుంది.

జూన్‌లో విత్తడం మాత్రం వద్దు. పత్తి చేనుకు తొలకరి మంచిది, యక్కాకు కాదు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి, గజపతి జిల్లా)
మా వైపు వాళ్లు ఈ అక్టోబరు లెక్క పెట్టుకోవద్దండి. గంజాం, గజపతి, శ్రీకాకుళం జిల్లాలకు అక్టోబరు తుఫాన్ల నెల. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరు రెండో వారంలోనే తీరం దాటాయి. ఆ గాలికి పాలిథిన్ కప్పులు నిలవవు, ట్రేలన్నీ నీళ్లలో తేలతాయి. ఇక్కడ నవంబరు రెండో పక్షంలో విత్తుకోవచ్చు. మైదానంలో మా రాత్రులు ఆదిలాబాద్ అంత చల్లబడవు కాబట్టి మొలక ఆగదు. కొండ మీది ఊళ్లవాళ్లు మాత్రం రాత్రిపూట ట్రేలు ఇంట్లోకి తెచ్చుకోవాలి.

రకాల విషయంలో రాళ్లతోట గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. తేమ గాలి ఉన్న చోట అలోయిఫోలియా, గైగాంటియా, గ్లోరియోసా. ఇంతే. రోస్ట్రాటా మా దగ్గర కుండీలోనే, కప్పు కిందే.

పెన్‌గంగ గట్టు
అన్నా, అక్కా, మస్తు సంగతులు తెలిసినయి. ఫిలమెంటోసా గింజలను ఫ్రిజ్‌లో పెట్టాలని ఒకచోట చదివిన. మూడింటికీ పెట్టాల్నా?

రాళ్లతోట
ఫిలమెంటోసాకు మాత్రమే. అది చలి ఎక్కువుండే ప్రాంతాల దాకా వ్యాపించిన రకం, చల్లటి తడి కొంతకాలం తగిలితే గింజలన్నీ దాదాపు ఒకేసారి మొలుస్తయి. పెట్టకున్నా కొన్ని మొలుస్తయి గానీ వారానికొకటి, నెలకొకటి లెక్కన. అన్ని రోజులు ట్రేను తడిగా ఉంచితే బూజుకు దారి ఇచ్చినట్టే.

కడిగి ఆరబెట్టిన దొడ్డు ఇసుక రెండు గుప్పెళ్లు తీసుకో. నీళ్లు చల్లి, పిండితే చుక్క రాలకుండా, చేతికి చల్లగా తగిలేంత తడి ఉంచు. గింజలు అందులో కలిపి జిప్ కవర్‌లో వేసి, ఫ్రిజ్‌లో కింది అరలో 4, 5 డిగ్రీల దగ్గర నాలుగు నుంచి ఆరు వారాలు. ఫ్రీజర్‌లో కాదు. తడిసిన గింజ గడ్డకడితే లోపలి పిండం పగులుతుంది. వారానికొకసారి కవర్ తెరిచి గాలి ఆడనిచ్చి, బూజు పట్టిన గింజ కనబడితే తీసెయ్యి. ఇప్పుడు మొదలుపెడితే అక్టోబరు రెండో వారానికి సరిగ్గా సరిపోతుంది.

రోస్ట్రాటా, అలోయిఫోలియా గింజలకు అట్ల నిద్ర లేదు, చలి పెట్టే పని లేదు. పొడిగా, కాగితం పొట్లంలో, డబ్బాలో ఉండనీ.

పచ్చపందిరి
గింజను చూసుకోవడం గురించి చెప్తాను. మంచి యక్కా గింజ నల్లగా, బల్లపరుపుగా ఉంటుంది. తెల్లగా, గోధుమరంగులో, కాగితంలా పలచగా ఉన్నవి పరాగం అందని తాలు గింజలు, వాటిని విత్తడం దండగ. నీళ్లలో వేసి తేలినవి పారేసే పద్ధతి ఇక్కడ పనికిరాదు. పలచటి గింజ కాబట్టి మంచిదైనా కాసేపు నీటి మీదే ఉంటుంది.

అలోయిఫోలియా కండకాయ జాతి. గింజల మీద ఎండిన గుజ్జు అతుక్కుని ఉంటే గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, పిడికెడు ఇసుకతో రుద్ది కడగాలి. ఆ గుజ్జులోని చక్కెరే బూజుకు మొదటి తిండి. రోస్ట్రాటా, ఫిలమెంటోసాలవి ఎండి పగిలే కాయలు, గింజ శుభ్రంగానే వస్తుంది.

విత్తే ముందు 24 గంటలు గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టండి, మధ్యలో ఒకసారి నీళ్లు మార్చండి. రెండు రోజులు మూడు రోజులు వదిలేయొద్దు, గాలి అందక లోపల కుళ్లుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన ఫిలమెంటోసా అప్పటికే తడిసి ఉంటుంది కాబట్టి నానబెట్టే పని లేదు.

కిన్వట్ చెట్లు (కిన్వట్, నాందేడ్ జిల్లా)
ప్రో ట్రేలలో పెట్టొచ్చా? మిరప నారుకు వాడే 98 గుంతల ట్రేలు చాలా ఉన్నయి మా దగ్గర.

పచ్చపందిరి
వద్దు సార్. యక్కాకు ఆకు కంటే ముందు వేరు పరుగెత్తుతుంది. పైన మూడు నాలుగు సెంటీమీటర్ల గడ్డిపోచ కనబడేసరికి కింద వేరు ఇంకా లోతుకు పోయి ఉంటుంది. ప్రో ట్రే లోతు చాలదు, అడుగున చుట్టుకుపోతుంది. తర్వాత మార్చేటప్పుడు ఆ లేత వేరు విరిగితే కుళ్లు అక్కడినుంచే లోపలికి వస్తుంది.

ఖాళీగా పరిచి కొలిస్తే అయిదు అంగుళాల వెడల్పు, ఎనిమిది అంగుళాల ఎత్తున్న నల్ల పాలిబ్యాగులు సరిపోతాయి. అడుగున, పక్కల రంధ్రాలు ఉన్నవే తీసుకోండి, లేకపోతే పంచ్‌తో అడుగున అదనంగా ఆరు వేసుకోండి. లీటరు నీళ్ల సీసా మెడ కోసి వాడుకున్నా మంచిదే, వేరు కనబడుతుంది కూడా. కాకపోతే వెలుతురు తగిలి పాచి పడుతుంది, చుట్టూ కాగితం కట్టాలి.

ఒక బ్యాగుకు ఒక గింజ. లోతు ఒక సెంటీమీటరు లోపు. బల్లపరుపుగా పడుకోబెట్టినా, అంచు మీద నిలబెట్టినా తేడా రాదు. పైన అర సెంటీమీటరు మందాన జల్లెడ పట్టిన సన్న కంకర వేయండి. ఆ కంకర పై పొర త్వరగా ఆరిపోతుంది, మెడ దగ్గర తడి నిలవదు. నీళ్లు పైనుంచి పోయకుండా, బ్యాగులను రెండంగుళాల నీళ్లున్న టబ్బులో అరగంట పెట్టి తీసెయ్యండి.

రాళ్లతోట
మట్టి లెక్క, అన్నీ కొలతతో, బరువుతో కాదు: దొడ్డు ఇసుక అయిదు పాళ్లు, ఇటుక ముక్కలు రెండు పాళ్లు, కాల్చిన ఊక ఒక పాలు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) రెండు పాళ్లు.

ఇసుక పెన్‌గంగదైనా ప్రాణహితదైనా సరే, రెండు మిల్లీమీటర్ల జల్లెడ మీద నిలిచేదే తీసుకోవాలె. కిందికి జారే సన్నది రేణువుల సందులను మూసేస్తుంది, గాలి పోదు. ఇటుక ముక్కలు మూడు నుంచి ఆరు మిల్లీమీటర్లు, పొడి కడిగేయాలె. బాగా కాలిన ఎర్ర ఇటుకవే. సగం కాలినవి ఒక్క వానకు మళ్లీ మట్టి అయిపోతయి. ఊక నల్లగా మాడి ఆకారం మిగిలి ఉండాలె. తెల్ల బూడిద అయ్యేదాకా కాల్చితే క్షారం ఎక్కువ, నీళ్లకు ముద్ద కడుతుంది.

ప్రాణహిత (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)
కోకోపీట్ ఎందుకన్నా, అడవిలో టేకు ఆకు మన్ను ఉచితంగా దొరుకుతుంది కదా? మా దగ్గర అందరూ నర్సరీకి అదే వాడతరు.

రాళ్లతోట
పెద్ద మొక్కకు టేకాకు మన్ను బ్రహ్మాండం, నేను కాదనను. మొలకకు ఎందుకు వద్దంటున్ననంటే అందులో సగం మాగిన ఆకు ఉంటుంది. ఆ ఆకును తినడానికి వచ్చే బూజులే మొలక మెడను కూడా పట్టుకుంటయి. దాని వెంట సన్నటి నల్ల ఈగలు వస్తయి, వాటి పురుగులు లేత వేర్లు కొరుకుతయి. వాడాలనుకుంటే పూర్తిగా మాగిన, మట్టి వాసన వచ్చే దాన్ని జల్లించి ఆవిరి పట్టించు. అప్పుడు కోకోపీట్ రెండు పాళ్ల బదులు ఆకు మన్ను ఒక పాలు, ఇసుక ఆరు పాళ్లు.

కోకోపీట్ ఇటుకను కూడా నానబెట్టి రెండు మూడు సార్లు పిండి కడగాలె. కొబ్బరి పీచులో ఉప్పు ఉంటుంది, కడగకపోతే మొలక కొస మాడుతుంది.

కిన్వట్ చెట్లు
బొగ్గు గనుల పక్కన, థర్మల్ ప్లాంట్ పక్కన బూడిద ఉచితం. నీళ్లు దిగడానికి అది కలపొచ్చా?

రాళ్లతోట
సన్న బూడిద వద్దే వద్దు. పిండిలాంటిది, ఆరితే పెంకు కడుతుంది, నీళ్లు దిగనివ్వదు. బట్టీ అడుగున మిగిలే గరుకు గడ్డలు వేరు, వాటిని కొట్టి కడిగి పెద్ద మొక్కల దిబ్బలో అడుగున వేయొచ్చు. మొలకల మట్టిలో మాత్రం ఇసుక, ఇటుకతోనే ఆగుదాం.

మహేంద్రతనయ
మట్టిని శుద్ధి చేసుకోవడం ఎవరూ చెప్పలేదు. ఏప్రిల్, మే నెలల్లో అయితే తడిపిన మిశ్రమాన్ని అరడుగు మందాన పరిచి పారదర్శకమైన పలచటి పాలిథిన్ కప్పి, అంచులు మట్టితో మూసి, నాలుగు నుంచి ఆరు వారాలు ఎండలో వదిలేస్తే చాలు. నల్ల పాలిథిన్ వద్దు, అది పైనే వేడెక్కుతుంది, మట్టిలోకి వేడి అంతగా దిగదు. మట్టి తడిగా ఉండాలి, పొడి మట్టిలో బూజు బీజాలు అంత తేలిగ్గా చావవు.

ఇప్పుడు ఆ కాలం కాదు కాబట్టి ఆవిరే మార్గం. పాత ఇడ్లీ పాత్రలో గుడ్డ పరిచి, కొద్దిగా తడిపిన కోకోపీట్, ఊక వేసి, ఆవిరి పైకి వచ్చాక అరగంట. ఇసుక, ఇటుక ముక్కలకు మరిగే నీళ్లు రెండుసార్లు పోసి వార్చేస్తే సరి. చల్లారాక అప్పటికప్పుడు వాడేసుకోవాలి. నేల మీద కుప్ప పోసి వారం వదిలేస్తే చేసిందంతా వృథా.

ప్రాణహిత
టిష్యూ కాగితంలో మొలకెత్తించి నాటే పద్ధతి ఎట్లుంటది?

పచ్చపందిరి
గింజలు తక్కువున్నప్పుడు అదే మంచిది తమ్ముడూ. నానిన గింజలను తడి టిష్యూ మడతలో ఒకదానికొకటి తగలకుండా పేర్చి, జిప్ కవర్‌లో పెట్టి, 25 డిగ్రీల దగ్గర నీడలో ఉంచు. రెండు రోజులకొకసారి తెరిచి చూడు. రోస్ట్రాటా, అలోయిఫోలియా వారం పదిరోజుల నుంచి మొదలుపెట్టి నాలుగు వారాల దాకా వస్తూనే ఉంటాయి, తొందరపడి పారేయొద్దు. తెల్ల వేరు ఒక సెంటీమీటరు కాగానే బ్యాగులోకి మార్చాలి. ఇంకా ఆగితే వేరు కాగితంలోకి దూరి, లాగినప్పుడు కొస తెగుతుంది. తెగేలా ఉంటే కాగితం ముక్కతో సహా నాటేయ్. పెన్సిల్‌తో గుంత చేసి, వేరు కిందికి ఉండేట్టు జార్చి, ఇసుక వదులుగా కప్పాలి, వేలితో నొక్కొద్దు.

రాళ్లతోట
మొలిచాక ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలె. యక్కా మొలక మడతపడ్డ దారంలా పైకి లేస్తుంది, కొసకు నల్ల గింజ అతుక్కుని ఉంటుంది. చాలామంది మొక్కకు సాయం చేస్తున్నమనుకొని ఆ గింజను లాగేస్తరు. లాగొద్దు. మొలక కొస ఇంకా గింజలోపలే ఉండి అందులో దాచిన ఆహారాన్ని పీల్చుకుంటున్నది. పని అయినంక అదే ఎండి రాలిపోతుంది. లాగితే కొస తెగుతుంది, లేదంటే వేరుతో సహా ఊడొస్తుంది.

రెండోది నీళ్లు. ఎడారి మొక్క కదా అని మొలకకు నీళ్లు ఆపేస్తే ఎండిపోతుంది. కరువును తట్టుకునే గుణం పెద్ద వేరుకు, మందమైన ఆకుకు వస్తుంది, గడ్డిపోచకు రాదు. మొదటి మూడు నెలలు మిశ్రమం లోపల ఎప్పుడూ కొద్దిగా చెమ్మ ఉండాలె. కంకర కిందికి వేలు రెండు అంగుళాలు దించితే చల్లగా తగలాలె, వేలికి బురద అంటకూడదు. చలికాలంలో అయిదారు రోజులకొకసారి టబ్బులో పెడితే సరిపోతుంది.

వెలుతురు మొదటి రోజు నుంచే కావాలె. పొద్దటి ఎండ పది గంటల దాకా నేరుగా, తర్వాత 50 శాతం షేడ్‌నెట్ కింద. నీడలో పెడితే సన్నగా సాగి పక్కకు ఒరుగుతుంది. మూడో ఆకు వచ్చినంక లీటరుకు అర గ్రాము 19:19:19 (నీళ్లలో కరిగే ఎరువు) కలిపి ఇరవై రోజులకొకసారి. యూరియా వేస్తే ఆకు మెత్తబడి కుళ్లుకు లొంగుతుంది.

కిన్వట్ చెట్లు
మొలకలు మెడ దగ్గర సన్నబడి అట్లనే పడిపోతయి చూడండి, దానికి కార్బెండజిమ్ (బూజు మందు) పోస్తే ఆగుతదా? దుకాణంలో అదే ఇస్తరు.

మహేంద్రతనయ
సగం సందర్భాల్లో ఆగదండి, కారణం ఇది. నారుకుళ్లు తెచ్చేవి ఒకటి కాదు. రైజోక్టోనియా, ఫ్యుజేరియం అనే బూజుల మీద కార్బెండజిమ్ పనిచేస్తుంది. కానీ నీళ్లు ఎక్కువైనప్పుడు వచ్చే పిథియం వేరే జాతి, దాని మీద కార్బెండజిమ్‌కు ఏ ప్రభావం లేదు. మందు పోశాం కదా అని ధీమాగా ఉంటే ట్రే మొత్తం పోతుంది. పిథియంకు మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన పొడి లీటరుకు రెండు గ్రాములు కలిపి మట్టి తడిసేలా పోయాలి. అది లేకపోతే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు మూడు గ్రాములు. చేతికి తొడుగులు వేసుకోండి, మిగిలిన ద్రావణం కాలువలో పారబోయొద్దు.

ట్రైకోడెర్మా (కుళ్లు బూజులను అణిచే మేలు బూజు) వాడేవాళ్లు విత్తేముందే కిలో మిశ్రమానికి అయిదు నుంచి పది గ్రాములు కలుపుకోండి. దాని వెంటే కార్బెండజిమ్ పోస్తే ట్రైకోడెర్మా కూడా చస్తుంది. ఏదో ఒకటి ఎంచుకోవాలి, రెండూ వాడక తప్పకపోతే కనీసం రెండు వారాల ఎడం ఉండాలి.

పడిపోయిన మొలకను, దాని బ్యాగును వెంటనే దూరంగా తీసేయండి. మెడ తెగిన మొలక మళ్లీ లేవదు.

పచ్చపందిరి
నల్ల ఈగలకు పసుపు జిగురు అట్టలు, పైన పొడి కంకర. ఈ రెండూ ఉంటే చాలామటుకు మందు అవసరం పడదు.

పెన్‌గంగ గట్టు
ఇంక ఎండాకాలం సంగతి? మార్చి నుంచి మా దగ్గర గాడ్పులు.

రాళ్లతోట
ఆకు సంగతి కంటే బ్యాగు సంగతి చూడు. పడమటి ఎండ పడే నల్ల పాలిబ్యాగు గోడ చేయి పెట్టలేనంత కాలుతుంది, ఆ గోడకు ఆనుకున్న వేర్లు ఉడికిపోతయి. ఆకులు నెలాఖరుకు పసుపు పడితే జనం నీళ్లు చాలలేదనుకొని ఇంకా పోస్తరు, ఉడికిన వేరు ఆ నీళ్లకు కుళ్లుతుంది. మార్చి మొదట్లోనే బ్యాగులన్నిటినీ ఇసుక నింపిన కందకంలో మెడ దాకా దించెయ్యి, లేదా దగ్గరదగ్గర పేర్చి చుట్టూ ఇటుక వరుస కట్టు. పైన 50 శాతం నెట్. నీళ్లు సాయంత్రం బ్యాగు చల్లబడ్డంక. మేలో రాత్రి కూడా వేడి తగ్గని వారాల్లో మొక్క పెరగడం ఆపేస్తుంది. అప్పుడు ఎరువు ఆపాలె, నీళ్లు కూడా తగ్గించాలె.

బోరు నీళ్లలో లవణాలు ఎక్కువుంటే కంకర మీద తెల్లటి పొర తేలుతుంది. నెలకొకసారి పైనుంచి ధారగా మంచినీళ్లు పోసి అడుగునుంచి పారిపోనివ్వాలె. టబ్బు పద్ధతి ఒక్కటే వాడితే ఆ ఉప్పు బయటికి పోదు.

పచ్చపందిరి
జూన్ మొదటి వారంలో బ్యాగులు కందకంలోంచి తీసేయాలి, మరిచిపోవద్దు. ఆ కందకంలో నీళ్లు నిలుస్తాయి. ఇనుప బల్ల మీదో ఇటుకల వరుస మీదో నేలకు అడుగు ఎత్తున పెట్టి, పైన 200 మైక్రాన్ల యూవీ (ఎండకు పాడవని) పాలిథిన్‌ను ఏటవాలుగా కట్టండి. నాలుగు పక్కలా తెరిచి ఉండాలి. పక్కలు మూస్తే లోపల ఉక్క పట్టి వానలో ఉన్నదానికంటే ఎక్కువ కుళ్లు వస్తుంది. షేడ్‌నెట్ వాన ఆపదు, దాన్నే నమ్ముకోకండి.

జూలై నుంచి సెప్టెంబరు దాకా నీళ్లు ఎనిమిది పది రోజులకొకసారే, ముసురు పట్టిన వారం అసలు వద్దు. రోజెట్ (గుండ్రంగా విచ్చుకున్న ఆకుల గుత్తి) నడిమిలో నీళ్లు నిలిస్తే బ్యాగును పక్కకు వంచి పారబోయాలి. నడిమి ఆకును రెండు వేళ్లతో మెల్లగా లాగి చూస్తుండండి. తేలిగ్గా ఊడొచ్చి మొదలు గోధుమరంగులో మెత్తగా, దుర్వాసనతో ఉంటే మొగ్గ కుళ్లు. చిన్న మొక్క దక్కదు, తీసేయండి. ఆకుల మీద మాత్రమే గోధుమ మచ్చలుంటే మాంకోజెబ్ లీటరుకు రెండున్నర గ్రాములు చల్లితే ఆగుతుంది.

రెండో వానాకాలానికి అలోయిఫోలియా, ఫిలమెంటోసాలను బయట వదలొచ్చు. రోస్ట్రాటాను రెండో ఏడు కూడా కప్పు కిందే ఉంచాలి.

ప్రాణహిత
నేలలో నాటేటప్పుడు రెండడుగుల గుంత తీసి ఇసుక నింపితే సరిపోదా?

రాళ్లతోట
నల్లరేగడిలో అదే పెద్ద ప్రమాదం. చుట్టూ బంకమట్టి, నడుమ ఇసుక గుంత అంటే నీళ్లకు తొట్టి కట్టిచ్చినట్టు. పొలం నీళ్లన్నీ ఆ ఇసుకలోకి చేరుతయి, కిందికి దిగే దారి ఉండదు, వారాలకొద్దీ వేరు నీళ్లలో ఉంటుంది. కొద్దిగా ఇసుక నల్లమట్టిలో కలపడం ఇంకా చెడ్డది, ఆరినంక రాయి అయిపోతుంది. పైగా ఎండాకాలం రేగడి పగుళ్లిచ్చినప్పుడు వేర్లు తెగుతయి.

గుంత తీయకు. నేల మీదే దిబ్బ పొయ్యి. అడుగున రెండు మీటర్ల వెడల్పు, అరవై సెంటీమీటర్ల ఎత్తు, వానకు దిగి నలభై అయిదు దగ్గర నిలుస్తుంది. మొరం మూడు పాళ్లు, దొడ్డు ఇసుక రెండు, ఇటుక ముక్కలు ఒకటి, మాగిన పశువుల ఎరువు అర పాలు. మొరంలో సున్నపు గడ్డలున్నా భయం లేదు. రోస్ట్రాటా సున్నపురాతి నేలల మొక్క, గడ్‌చాందూర్ వైపు దొరికే సున్నపురాతి ముక్కలు దానికి ఇష్టమే. దిబ్బ చుట్టూ జానెడు లోతు కాలువ తీసి, నీళ్లు ఇంటికి దూరంగా పోయేట్టు వాలు ఇవ్వాలె. ఒక వానాకాలం దిబ్బను ఖాళీగా వదిలి, అక్టోబరులో నాటితే కుంగడం అయిపోయి ఉంటుంది. మొక్క మెడ మట్టికి రెండు మూడు సెంటీమీటర్లు పైనే ఉండాలె. పైన రెండంగుళాల మందాన 20 ఎంఎం కంకర. గడ్డి, ఆకు పరిస్తే చెదలు వస్తయి, ఎండిన కింది ఆకుల నుంచి మానులోకి ఎక్కుతయి.

నాటినంక మొదటి ఎండాకాలం పది పదిహేను రోజులకొకసారి బకెట్ నీళ్లు పొయ్యాలె. ఆ తర్వాతే నువ్వన్న నీళ్లు లేని తోట.

మహేంద్రతనయ
నాటే చోటు గురించి ఒక హెచ్చరిక. అలోయిఫోలియా ఆకు కొన సూదిలా గుచ్చుకుంటుంది, పిల్లల కంటి ఎత్తులో ఉంటే ప్రమాదం. నడిచే దారికి మీటరున్నర దూరం ఉంచండి, లేదా కొనలు అర సెంటీమీటరు కత్తిరించండి, మొక్కకు నష్టం లేదు. ఫిలమెంటోసా ఆకు మెత్తన, దాన్ని దారి పక్కన పెట్టుకోవచ్చు.

కిన్వట్ చెట్లు
ఇవి పూస్తే గింజలు మనమే తీసుకోవచ్చా? బయటినుంచి తెప్పించడం కష్టంగా ఉంది.

మహేంద్రతనయ
తెప్పించేటప్పుడు జాగ్రత్త. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం విదేశీ గింజలకు ఇంపోర్ట్ పర్మిట్, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (తెగుళ్లు లేవని పంపే దేశం ఇచ్చే పత్రం) ఉండాలి. అవి లేకుండా పోస్టులో వచ్చే కవర్లు కస్టమ్స్ దగ్గర ఆగిపోతాయి. 'నీలిరంగు యక్కా', 'ఎరుపు యక్కా' అని బొమ్మ పెట్టి అమ్మేవి కొనకండి. లాటిన్ పేరు, కోత కోసిన ఏడు రాయనివాళ్ల దగ్గర అసలే వద్దు.

ఇక మన గింజ. యక్కా పువ్వుకు పరాగం అందించేది యక్కా చిమ్మట (రాత్రి ఎగిరే, సీతాకోకచిలుక లాంటి చిన్న పురుగు), 1872లో కీటక శాస్త్రవేత్త చార్లెస్ రైలీ ఆ సంబంధాన్ని వివరించాడు. ఆ చిమ్మట మన దేశంలో లేదు, కాబట్టి చాలా రకాలు పూస్తాయి, కాయవు. అలోయిఫోలియా మాత్రం తేనెటీగలతో కూడా కొంత కాస్తుంది. మిగతావాటికి చేత్తో చేయాలి. పువ్వు రాత్రి పూర్తిగా విచ్చుకుంటుంది, ఎనిమిది గంటల తర్వాత టార్చి వేసుకుని వెళ్లండి. కేసరాల కొసన జిగురుగా ఉండే పుప్పొడి ముద్దను పళ్లపుల్లతో తీసి, ఇంకో మొక్క పువ్వులో అండాశయం కొసనున్న చిన్న గుంతలోకి దిగేలా నొక్కాలి. పైన పూస్తే లాభం లేదు, కీలాగ్రం లోపల ఉంటుంది. రెండు మొక్కలూ ఒకే తల్లి నుంచి తీసిన కొమ్మలైతే కాయ సరిగా నిలవదు. గింజ నుంచి పెంచినవైతే ఏ రెండూ ఒకటి కావు కాబట్టి ఆ చిక్కు ఉండదు. మార్కెట్లో దొరికే గైగాంటియా ఎక్కువగా కొమ్మ ముక్కలతో పెంచిందే.

ప్రాణహిత
పూశాక మొక్క చనిపోతుందా, కిత్తనార లెక్క?

పచ్చపందిరి
లేదు. కిత్తనార ఒక్కసారి పూసి ఎండిపోతుంది. యక్కా పూసిన కొమ్మ పక్కనుంచి కొత్త తల వేసుకుని మళ్లీ పూస్తుంది. కానీ ఓపిక పట్టాలి. ఫిలమెంటోసా గింజ నుంచి పూతకు మూడు నాలుగేళ్లు అనుకోవచ్చు, రోస్ట్రాటాకు మాను రావడానికే ఎనిమిది పదేళ్లు పడుతుంది.

పెన్‌గంగ గట్టు
అందరికీ మస్తు ధన్యవాదాలు. ఫిలమెంటోసా రేపే ఫ్రిజ్‌లో పెడుతున్న. నలభై అయిదు బ్యాగులకు మిశ్రమం ఎంత కలుపుకోవాలె, ఒక్కటి చెప్పండి.

రాళ్లతోట
అయిదు ఎనిమిది బ్యాగు నిండితే ఎనిమిది సెంటీమీటర్ల అడ్డం, పదహారు పదిహేడు సెంటీమీటర్ల లోతు వస్తుంది, అంటే ఒక్కో దానికి 850 మిల్లీలీటర్లు. నలభై అయిదింటికి 38 లీటర్లు, ఒలికేది కలిపి 40 అనుకో. జల్లెడ పట్టి కడిగిన దొడ్డు ఇసుక 20 లీటర్లు, ఇటుక ముక్కలు 8, కాల్చిన ఊక 4, కోకోపీట్ 8. కోకోపీట్ 650 గ్రాముల ఇటుక ఒకటి నానితే 8 లీటర్లు వస్తుంది. పైన వేసే సన్న కంకర వేరుగా రెండు లీటర్లు పెట్టుకో. ఇసుక మాత్రం రెండింతలు తెచ్చుకో తమ్ముడూ, జల్లెడ పడితే సగం కిందికి పోతుంది.